కాళ్లు బాగానే ఉన్నాయిగా!

ఏరియా ఆస్పత్రి వరండా. వైకల్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరం నడుస్తున్న రోజు. గోడవారగా చక్రాల కుర్చీలు, చంకకర్రలు. వాటి మధ్య నుంచి ఎనిమిదేళ్ల పిల్లవాడు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెడుతుంటాడు. ఫ్యాన్ స్విచ్ వేస్తాడు, తీస్తాడు, మళ్లీ వేస్తాడు. వాడి వెనకే తల్లి. బస్సు దిగింది మొదలు లోపలికి వచ్చేదాకా వాడి మణికట్టుకు ఆమె చున్నీ కొస ముడివేసి ఉంది. ఇప్పుడే విప్పింది. చున్నీ మీద ముడి నలిగిన చోటు ఇంకా సర్దుకోలేదు. వరుసలో కూర్చున్న పెద్దాయన జాలిగానే అడుగుతాడు: ‘వీడికేమైందమ్మా, కాళ్లు బాగానే ఉన్నాయిగా!’

ఏ జిల్లాలో ఏ శిబిరానికి వెళ్లినా ఇలాంటి తల్లులు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. పెద్దాయనను తప్పుపట్టాల్సింది లేదు. ఆయన నోటితో అడిగిందే ప్రభుత్వాలు ఫైళ్లలో అడుగుతున్నాయి. వైకల్యం ఉన్నవారి రాకపోకలకు సాయం అనగానే మన యంత్రాంగానికి ముందుగా గుర్తొచ్చేది మూడు చక్రాల సైకిల్. 1981లో మొదలైన అడిప్ పథకం కింద ట్రైసైకిళ్లు, కృత్రిమ అవయవాలు, వినికిడి యంత్రాలు ఇస్తూ వచ్చారు. 2015 డిసెంబరు 3న కేంద్రం ఆర్భాటంగా మొదలుపెట్టిన సుగమ్య భారత్ ప్రచారంలో ఎక్కువగా వినిపించిన మాటలు ర్యాంపు, లిఫ్టు. కారు కొనేటప్పుడు జీఎస్టీ రాయితీ ఇచ్చినా, అది కాళ్లూ చేతుల వైకల్యం కనీసం 40 శాతం ఉన్నవారికే దక్కింది. ఇవేవీ వద్దనడం లేదు. ఆ ర్యాంపులు కూడా సగం చోట్ల ఎక్కలేనంత నిటారుగా ఉంటాయన్నది వేరే సంగతి. అయితే కాళ్లకు ఏ లోపమూ లేకపోయినా ఒంటరిగా గడప దాటలేని పిల్లలు ఉంటారన్న ఊహ ఈ జాబితాలో ఎక్కడా లేదు.

ఆటిజం, తీవ్రమైన ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని, కుదురుగా ఉండనివ్వని రుగ్మత), బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్లో కొందరికి రోడ్డంటే భయం తెలియదు. లారీ వస్తున్నా అవతల కనిపించిన నీళ్ల కుళాయి వైపు పరుగు తీస్తారు. కొందరికి భయం మరీ ఎక్కువ. ఎయిర్ హారన్ మోగితే చెవులు మూసుకుని అక్కడికక్కడే కూలబడతారు. రోజూ వెళ్లే దారిలో తవ్వకాలు జరిగి బస్సు వేరే వీధిలోకి తిరిగితే గుక్కతిప్పుకోకుండా ఏడుస్తారు, తలను కిటికీ ఊచకేసి కొట్టుకుంటారు. అప్పుడు బస్సులో వినిపించే మాటలు ఆ తల్లిదండ్రులకు కంఠతా వచ్చు. ‘పెంపకం అలా ఉంది’. ‘రెండు తగిలిస్తే దారికొస్తాడు’. ‘ఇలాంటివాణ్ని ఇంట్లో పెట్టుకోక బయటికెందుకు తెస్తారు?’ చివరిమాట పడ్డాక చాలామంది నిజంగానే తేవడం మానేస్తారు. పెళ్లిళ్లు మానేస్తారు, తిరునాళ్లు మానేస్తారు. ఆ తర్వాత థెరపీ, చివరికి బడి.

చట్టానికి ఈ సంగతి తెలియదని అనలేం. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. దాని స్థానంలో 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతున్న దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం చేరింది, నేర్చుకోవడంలో ఇబ్బందులు చేరాయి. ఏడీహెచ్‌డీ మాత్రం పేరుతో చేరలేదు. అది ఎంత తీవ్రంగా ఉన్నా, పక్కన మరో సమస్య తోడైతే తప్ప ఆ బిడ్డకు ధ్రువపత్రం దారి దొరకదు. ఈ లోపం అలా ఉంచి, ఉన్న చట్టంలోని 16వ సెక్షన్ చదవండి. వైకల్యం ఉన్న పిల్లలకు బడికి రవాణా సౌకర్యం కల్పించాలి, ఎక్కువ ఆసరా అవసరమైన పిల్లల విషయంలో వెంట వెళ్లే సహాయకుడికి కూడా కల్పించాలి అని అందులో స్పష్టంగా ఉంది. అంటే తోడు వెళ్లే మనిషిని చట్టం బిడ్డ అవసరంలో భాగంగానే లెక్కగట్టింది. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షా కింద రవాణా భత్యం, ఎస్కార్టు భత్యం అనే పద్దులు పుట్టిందీ ఈ ఆలోచనతోనే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలకు పిల్లల్ని తీసుకొచ్చే తల్లులను అడగండి. ఆ డబ్బు ఏ నెలది ఏ నెలలో పడుతుందో, ఈ ఏడాది జాబితాలో తమ పిల్లల పేరు ఉందో లేదో చెప్పగలిగేవారు తక్కువ.

ఇక కొలత సంగతి. ఆటిజాన్ని అంచనా వేయడానికి దేశమంతా వాడే ఐసా కొలమానం మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో తయారైంది. అందులో 40 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం కింద లెక్క. ఆ 40లో ఏముందో చూస్తే, ప్రమాదమంటే భయం లేకపోవడం ఒక అంశం. ఒకచోట నిలవకపోవడం మరొకటి. ఇతరుల మీద చేయిచేసుకోవడం, తనను తాను గాయపరచుకోవడం, శబ్దాలకూ స్పర్శకూ విపరీతంగా స్పందించడం కూడా ఉన్నాయి. ఈ పిల్లవాణ్ని రోడ్డు మీద ఒంటరిగా వదలకూడదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? సమాచారమంతా డాక్టరు చేతిలోని కాగితం మీదే ఉంటుంది. ఆ కాగితం మీది మార్కులను కూడి శాతంగా మార్చి కార్డు మీద ముద్రించేసరికి ‘80 శాతం’ అన్న అంకె మిగులుతుంది. ఆ 80 దేనికి వచ్చిందో బస్సు కండక్టరుకు తెలియదు, టికెట్ కౌంటరులో గుమస్తాకు తెలియదు, పింఛను మంజూరు చేసే అధికారికీ తెలియదు.

రైల్వేల తీరు మరీ విడ్డూరం. పార్లమెంటు చట్టం 21 రకాల వైకల్యాలంటే, రైలు ఛార్జీల రాయితీ నేటికీ నాలుగు వర్గాల దివ్యాంగులకే పరిమితం. తోడు లేనిదే ప్రయాణించలేని మేధో వైకల్యం ఉన్నవారు ఆ నాలుగింటిలో ఒకరు. వారికీ, వెంట వచ్చేవారికీ స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఛార్జీలో నాలుగింట మూడు వంతుల రాయితీ ఉంది. మంచిదే. తోడు లేనిదే ప్రయాణం లేదన్న సూత్రాన్ని రైల్వే దశాబ్దాల కిందటే ఒప్పుకొందన్నమాట. అయితే ఆటిజానికి అందులో విడిగా పద్దు లేదు. ఐక్యూ పరీక్షలో మార్కులు బాగా వచ్చే ఆటిజం పిల్లవాడు ప్లాట్‌ఫారం మీద చేయి విదిలించుకుని పట్టాల వైపు పరుగెత్తవచ్చు. రైల్వే లెక్కలో అతను మామూలు ప్రయాణికుడే. బాగా లెక్కలు చేస్తాడు కాబట్టి పూర్తి టికెట్!

ఈ చిక్కుముడిని బ్రిటన్ ముప్పై ఏళ్ల కిందటే కొంత విప్పింది. అక్కడ 1992లో వచ్చిన డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్‌లో సంరక్షణకు ఒక భాగం, రాకపోకలకు వేరే భాగం ఉన్నాయి. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 16 ఏళ్లలోపు పిల్లలకు ఇప్పటికీ అదే నడుస్తోంది. రాకపోకల భాగంలో పెద్ద రేటు ప్రధానంగా నడవలేని పిల్లల కోసం. దాన్ని అక్కడితో ఆపలేదు. తీవ్రమైన మానసిక లోపం ఉండి, ఎప్పుడేం చేస్తాడో తెలియక, మెలకువగా ఉన్నంతసేపూ ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాల్సిన బిడ్డకు కూడా మూడేళ్లు నిండాక అదే రేటు వర్తిస్తుందని చట్టంలో రాశారు. నడవగలిగినా తెలియని చోట తోడు, పర్యవేక్షణ లేకుండా తిరగలేని పిల్లలకు ఐదేళ్ల నుంచి చిన్న రేటు. 2025-26లో పెద్ద రేటు వారానికి 77 పౌండ్ల పైచిలుకు, చిన్నది 29 పౌండ్ల పైచిలుకు. 2019 ఆగస్టు 30 నుంచి ఇంగ్లాండ్‌లో గుమ్మానికి దగ్గరగా కారు ఆపుకోనిచ్చే బ్లూ బ్యాడ్జి పార్కింగ్ వసతినీ బయటికి కనిపించని వైకల్యాలకు విస్తరించారు. కారు తలుపు తీసిన చోటు నుంచి గుమ్మం దాకా ఉన్న నాలుగడుగులే ఇలాంటి పిల్లలకు గండం అని గ్రహించడం వల్లే ఇది సాధ్యమైంది.

అక్కడంతా సవ్యంగా ఉందని అనుకోనక్కర్లేదు. పెద్ద రేటు షరతులు ఎంత బిగుతంటే, కాదన్న దరఖాస్తులతో తల్లిదండ్రులు ట్రైబ్యునళ్ల చుట్టూ తిరుగుతుంటారు. ఇంకో తిరకాసు మనవాళ్లకు తగిలేది. ఉద్యోగ వీసా మీద వెళ్లిన తెలుగు కుటుంబాలకు స్థిరనివాసం వచ్చేదాకా సాధారణంగా ఇలాంటి ప్రభుత్వ భత్యాలు అందవు. పన్ను కట్టాలి, పిల్లవాణ్ని మాత్రం సొంత ఖర్చుతో తిప్పుకోవాలి. అయినా నడవలేకపోవడం, వెళ్లలేకపోవడం ఒకటి కావని ఆ దేశం చట్టంలో రాసుకుంది. మనం తెచ్చుకోవాల్సింది ఆ తేడా. పౌండ్లు కావు.

తెలుగు రాష్ట్రాల్లో పింఛన్లకు లోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు రూ.6,000 అయింది. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ఇది మెరుగు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000. మళ్లీ ఇక్కడా గీత గీసింది కాళ్ల దగ్గరే. రాత్రింబవళ్లు కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాయాల్సిన బిడ్డ మంచం మీద ఉండడు కాబట్టి పై మెట్టు ఎక్కడు. ఆ బిడ్డ కోసం ఉద్యోగం మానేసిన తల్లి జీతం ఏ లెక్కలోకీ రాదు. తెలంగాణలో ఆసరా పింఛను 2023లో రూ.4,016కు పెరిగింది. ఆ ఏడాది చివర జరిగిన ఎన్నికల్లో కాంగ్రెస్ రూ.6,000 హామీ ఇచ్చింది. మొత్తం ఎంతైనా, అది ఇంటి ఖర్చులో, మందుల్లో కలిసిపోయే డబ్బు. వారానికి మూడుసార్లు జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికో, పట్నంలోని ప్రైవేటు థెరపీ సెంటరుకో తీసుకెళ్లాలంటే ఆటో కిరాయి థెరపీ ఫీజుతో పోటీపడుతుంది. ఆటోవాడు కూడా రెండోసారి పిలిస్తే ఆలోచిస్తాడు. సీటు చింపిన పిల్లవాడు గుర్తుంటాడు కదా.

మహిళలకు ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలయ్యాక ఈ తల్లులకు కొంత ఊరట దొరికింది. అది ఆమె మహిళ కావడం వల్ల దక్కింది, బిడ్డకు తోడు కావడం వల్ల కాదు. ఆమెకు జ్వరం వచ్చి తాత తీసుకెళ్తే ఆ ఉచితం లేదు. పైగా బస్సుల్లో రద్దీ పెరిగింది. మామూలువాళ్లకు అది కాసేపు ఇబ్బంది. ఎవరైనా తాకితే ఒంటికి నిప్పు అంటుకున్నట్టు కేకలు వేసే పిల్లవాడికి బస్సు తలుపులు మూసుకుపోవడమే. ఉచిత బస్సును తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. బస్సులో ముందు రెండు సీట్లు దివ్యాంగులకని రాసి ఉంటుంది. ఆ సీటు అడిగిన తల్లికి వచ్చే జవాబు మళ్లీ అదే: ‘కాళ్లు బాగానే ఉన్నాయిగా!’

విమానం ఎక్కగలిగినవారికీ ఇది తప్పలేదు. 2022 మే 7న రాంచీ విమానాశ్రయంలో వైకల్యం ఉన్న ఓ బాలుడిని ఇండిగో సిబ్బంది విమానం ఎక్కనివ్వలేదు. బాలుడు కంగారుగా ఉన్నాడన్నది సంస్థ చెప్పిన కారణం. విషయం దేశమంతా గుప్పుమంది. అదే నెలాఖరున పౌర విమానయాన డైరెక్టరేట్ ఆ సంస్థకు రూ.5 లక్షల జరిమానా వేసింది. జూలైలో నిబంధనలనూ సవరించింది. వైకల్యం పేరుతో ఎవరినీ నిరాకరించరాదని, ప్రయాణంలో ఆరోగ్యం దెబ్బతింటుందన్న అనుమానం ఉంటే విమానాశ్రయంలో డాక్టరు పరీక్షించి చెప్పాలని అందులో ఉంది. విమాన ప్రయాణికుడి విషయంలో మూడు నెలలు నిండకముందే కదిలిన వ్యవస్థ, పల్లెవెలుగు మెట్ల దగ్గర రోజూ జరిగే దాన్ని పట్టించుకోకపోవడానికి కారణం ఒకటే. అక్కడ ఫోన్‌లో వీడియో తీసి పెట్టేవారు లేరు.

ఇలాంటి భత్యాలు ఇస్తే ప్రతి అల్లరి పిల్లవాడి తల్లిదండ్రులూ వరుస కడతారని, దొంగ ధ్రువపత్రాలు పెరుగుతాయని అధికారులు గొణుగుతారు. సదరంలో అక్రమాలు జరగలేదని మేం అనం. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛన్లను తిరగేసి చూడటానికి కారణం అవే. కానీ దొంగలు ఉన్నారని ఆస్పత్రి తలుపుకు తాళం వేయరు. అల్లరికీ రుగ్మతకూ తేడా తేల్చడానికే డాక్టర్లు, సైకాలజిస్టులు, 40 అంశాల కొలమానం ఉన్నాయి. కావలసింది ఆ కొలతలో తేలిన ఒక్క సంగతిని కార్డు మీద వేయడం: ‘బయట తోడు తప్పనిసరి’. ఆ ముద్ర ఉంటే బస్సులో వెంట వచ్చేది తల్లైనా తాతైనా ఆర్టీసీ టికెట్ అడగకూడదు. పై మెట్టు పింఛనుకు మంచం, చక్రాల కుర్చీతోపాటు ఆ ముద్రనూ అర్హతగా తీసుకోవాలి. రైల్వే తన నాలుగును చట్టంలోని 21తో సరిచూసుకోవాలి. దానికి మన ఎంపీలు రైల్వే మంత్రిని నిలదీయాలి. తీవ్రమైన ఏడీహెచ్‌డీని చట్టం జాబితాలో చేర్చే పని కేంద్రానిది. అది తేలడానికి ఏళ్లు పట్టవచ్చు, బస్సు టికెట్‌కు మాత్రం ఒక జీవో చాలు.

భవనాలు, రవాణా దివ్యాంగులకు అందుబాటులో ఉండాలన్న నిబంధనలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పక పాటించాల్సిన ప్రమాణాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రటూరీ కేసులో కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం చేసిందే. కొలమానం సికింద్రాబాద్‌ది, అధ్యయనం హైదరాబాద్‌ది. కండక్టర్లకూ డ్రైవర్లకూ ఆర్టీసీ డిపోలోనే అరపూట శిక్షణ ఇప్పించడానికి మనుషుల కోసం ఢిల్లీ వైపు చూడాల్సిన అవసరం రెండు రాష్ట్రాలకూ లేదు.

బడులు జూన్‌లో తెరుస్తారు. ఎస్కార్టు భత్యం ఎవరికి అందాలో తేల్చే జాబితాలు ఆలోపే మండల వనరుల కేంద్రాల గోడ మీద ఉండాలి, మొదటి నెల డబ్బు జూన్‌లోనే ఖాతాలో పడాలి.