‘ఒకసారి అట్టా చూసిపెట్టన్నా’ గారికి బహిరంగ లేఖ

నెల్లూరు

అయ్యా,

ట్రంకురోడ్డు టీ బంకు మొదలు ఒంగోలు బస్టాండు దాకా, రాతప్రతి కనిపించిన ప్రతిచోటా తమరే. ‘చూడటం’ అనే ఒక్క మాట కింద పుస్తకం దిద్దే నాలుగు పనుల్ని దాచేసి, నాలుగింటికీ కలిపి ఒక టీ ఖరీదు కట్టే తమరి లెక్క ఇంకెవరికీ రాదు.

ఉదయగిరి చెక్కగరిటెలు చేసేవాళ్లనడగండి. మొద్దు కోస్తారు, ఆకారం చెక్కుతారు, చివర్న గరుకు కాగితంతో రుద్దుతారు. తమరు ముందు మొద్దుని రుద్దమంటారు.

నవల మూడో అధ్యాయంతో మొదలవ్వాలా, నాయకుడి రెండో పెళ్లి అసలు కావాలా అని తేల్చేది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్. ఆ ఎడిటరు వాక్యం జోలికి పెద్దగా పోడు, నాలుగైదు పేజీల ఉత్తరం రాసిస్తాడు. అది చదివి తమరు ‘అచ్చుతప్పులేం లేవా?’ అంటారు.

తర్వాతది వాక్యం నడక చూసే లైన్ ఎడిటింగ్. ఇక్కడ చెయ్యి జోరెక్కువైతే కావలి ముసలమ్మ ‘ఉండాది’ కాస్తా ‘ఉన్నది’ అయి, ఆమె రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంటుంది. ముట్టుకోకూడని యాసమాటల జాబితా ముందే ఇవ్వాలయ్యా!

కాపీ ఎడిటరుది అనుమానప్పిశాచి చేసే ఉద్యోగం. 12వ పేజీలో సుబ్బరామయ్య 140కి సుబ్బరామిరెడ్డి ఎట్టయ్యాడు? 1965లో జరిగే కథలో కందుకూరు ప్రకాశం జిల్లాలో ఎట్టుంది? అప్పటికది నెల్లూరు జిల్లా. ఒంగోలు జిల్లా ఏర్పడిందే 1970లో, దానికి ప్రకాశం పేరొచ్చింది 1972లో. ‘వాళ్లు’ రాయాలా ‘వాళ్ళు’ రాయాలా అన్నదాంతో సహా తేల్చినవన్నీ ఆయన ఒక కాగితమ్మీద ఎక్కిస్తాడు. అది అడిగి తీసుకోండి, ప్రూఫులు దిద్దేవాళ్లకి అదే దిక్కు.

ప్రూఫులు పేజీలు కట్టాకే. డీటీపీలో వాడే అనూ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చేటప్పుడు వత్తులు చెదురుతుంటాయి గనక, అంతకుముందు ఎంత దిద్దినా మళ్లీ దిద్దాల్సిందే. అంతా అయ్యాక తమరొచ్చి 40వ పేజీలో ‘ఒక చిన్న పేరా’ ఇరికిస్తారు. వెనక పేజీలు జరుగుతాయి, విషయసూచిక అబద్ధమాడుతుంది, ఒకే కాగితమ్మీద అచ్చేసి మడిచే 16 పేజీల ఫారం లెక్క తప్పుతుంది. తిట్లు మాత్రం ప్రూఫురీడరుకి.

ఈసారి వచ్చేటప్పుడు ఏ పని, ఎన్ని విడతలు, ఎంత కూలి అన్నది రాసుకుని రండి. మచ్చుకి ఐదు పేజీలు చేయించుకుని, నచ్చితేనే మిగతావి ఇవ్వండి. టీ మేమే తాపిస్తాం.

ఇట్లు,
తమరు ఒక్కటే అనుకున్న నాలుగు పనులు