వేపచెట్టుకు వేలాడిన పొదుపు

పొదుపు అంటే మనవాళ్లకు చిట్టీ పాట, పోస్టాఫీసు పుస్తకం, తులం బంగారం. అంతకుమించి ఆలోచన పోదు. పాత బండికి ఇంటి వాకిట్లోనే ఇంజన్ మార్చుకోవడం కూడా ఒక పొదుపు మార్గమేనని మా బావ నిరూపించాడు. ఆయన నిరూపిస్తున్నన్ని రోజులూ పక్కన నిలబడి పానాలు అందించింది నేను. కాబట్టి ఈ పద్ధతి గొప్పతనాన్ని నలుగురికీ చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

బావది వరంగల్ పక్కన గొర్రెకుంట. బండి 407, చిన్న లారీ. టాటావాళ్లు ఆ మోడల్‌ను 1986లో తెచ్చారు. బావది అంత పాతది కాదు గానీ, చూసినవాళ్లు నమ్మరు. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలుతుంది. మిగతా రోజుల్లో ఇటుక, ఇసుక, ఇల్లు మారేవాళ్ల సామాను. అక్క పెళ్లైన ఏడాదే ఆ బండి కూడా ఇంటికొచ్చింది. ఇద్దరూ తనకు సమానమేనంటాడు బావ. దసరాకు పూలదండ మాత్రం బండికే వస్తుంది.

ఒకరోజు నర్సంపేట నుంచి లోడుతో వస్తుంటే బండి పొగ కక్కి నడిరోడ్డు మీద ఆగింది. రేడియేటర్‌లో చుక్క నీళ్లు లేవు. టెంపరేచర్ ముల్లు మూడేళ్ల నుంచి ఒకేచోట పడుకుని ఉంది. "అది లేవాలె కదా బామ్మర్ది, లేవకుంటె నాకెట్ల తెలుస్తది?" అని బావ తప్పంతా ముల్లు మీదికి నెట్టాడు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే ఇంజన్ ఆయిల్ పాలెక్కువైన చాయ్ రంగులో ఉంది. ఇంజన్ అతిగా కాగితే సిలిండర్ హెడ్ వంకరపోతుంది, గ్యాస్కెట్ పోతుంది, నీళ్లు వెళ్లి ఆయిల్‌లో కలుస్తాయి. చూడటానికి వచ్చిన నలుగురిలో ముగ్గురు ఇదే చెప్పారు. నాలుగో ఆయన దిష్టి తగిలిందన్నాడు. బావకు నాలుగో ఆయన మాటే నచ్చింది, దాని ఖర్చు రెండు నిమ్మకాయలు కాబట్టి.

నిమ్మకాయలు పనిచేయలేదు. ఆటోనగర్ నుంచి వచ్చిన మేస్త్రి బ్లాకుకే, అంటే ఇంజన్ ఒంటికే, పగులు పట్టిందని, వేరే ఇంజన్ చూసుకొమ్మని చెప్పి, దించి ఎక్కించడానికి తన కూలి ఎంతో కూడా చెప్పాడు. ఆ అంకె విని బావ మంచంలోంచి లేచి నిలబడ్డాడు. మేస్త్రిని గేటు దాకా సాగనంపి వచ్చి అన్నాడు: "గంత కూలా? నాలుగు బోల్టులు విప్పుడు, నాలుగు బోల్టులు బిగించుడు. గంతే కదా!"

ఆ నాలుగు బోల్టులను నేను తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టాను. గేర్‌బాక్స్ దాకా వచ్చేసరికి లెక్క తప్పింది.

మా బండికి కావాల్సింది 497 ఇంజన్. ఆ అంకెలో మర్మమేమీ లేదు. నాలుగు సిలిండర్లు, ఒక్కోదాని బోరు, అంటే లోపలి వెడల్పు, 97 మిల్లీమీటర్లు. పెద్ద లారీలకు వచ్చిన 697 అంటే ఆరు సిలిండర్లు, బోరు అంతే. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి బావ కనపడ్డవాళ్లందరికీ వివరించాడు. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు ఇంకేం చెప్తారో అని ఆశ్చర్యపోయాడు కూడా. తుక్కు దుకాణంలో ఒక ఇంజన్ దొరికింది. "స్కూలు బస్సుది, మెల్లగ నడిచింది" అన్నాడు దుకాణదారు. నేను తిరిగిన ఏ తుక్కు దుకాణంలోనైనా మంచి ఇంజన్ అంటే స్కూలు బస్సుదే. ఇన్ని బస్సుల ఇంజన్లు దుకాణాల్లోనే ఉంటే పిల్లలు రోజూ బడికి దేంట్లో పోతున్నారో విద్యాశాఖ ఆలోచించాలి.

ఇంజన్ దించే రోజు ఆదివారం పెట్టుకున్నాం. ఇది పొరపాటని తర్వాత తెలిసింది. ఆదివారం అంటే వాడకట్టులో మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉంటారు. పొద్దున ఎనిమిదికల్లా పదకొండు కుర్చీలు వచ్చాయి. వాకిట్లో వేపచెట్టుంది, దాని కొమ్మకు చైన్ కప్పీ కట్టాం. కప్పీ కిరాయిది, రోజుకింత అని. కొమ్మ ఆగుతుందా అని నాకు అనుమానం వచ్చింది. పక్కింటి కాక కుర్చీలోంచే నన్ను మందలించాడు: "రామప్ప గుడి రాళ్లెత్తినోళ్ల గడ్డరా ఇది, గీ ఇంజన్ ఎత్తలేమా?" నిజమే, 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ గుడి గోపురానికి వాడినవి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. మాది పోత ఇనుము. ఈ తేడా నేను కాకకు చెప్పలేదు, ఆయన అప్పటికే మూడో చాయ్‌లో ఉన్నాడు.

నీళ్లు, ఆయిల్ దించేశాం. రేడియేటర్ తీశాం. డీజిల్ పైపులు, సెల్ఫ్ వైర్లు, డైనమో వైర్లు, సైలెన్సర్ పైపు, అన్నీ ఊడదీశాం. ఏ వైరు ఎక్కడిదో గుర్తుండాలని నేను ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టాను. బావకు నా తెలివి మీద మొదటిసారి గౌరవం కలిగింది. మధ్యాహ్నానికి మా మేనకోడలు ఆ దారాలన్నీ విప్పి బొమ్మకు జడ వేసింది.

గొలుసు లాగడం మొదలుపెట్టాం. ఇంజన్ లేవలేదు. బండి లేచింది. ముందు చక్రాలు నేల వదిలేదాకా అందరూ "హై, హై" అంటూ ఉత్సాహపరిచారు. ఇంజన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే మౌంటింగ్ నట్టు ఒకటి విప్పడం మరిచిపోయామని అప్పుడు తెలిసింది. వేపచెట్టు మాత్రం నిలబడింది. కాక మావైపు గర్వంగా చూశాడు.

అసలు కథ కొత్త ఇంజన్ ఎక్కించేటప్పుడు. ఇంజన్ వెనక్కి జరగాలి, గేర్‌బాక్స్ ముందుకు పొడుచుకొచ్చిన షాఫ్టు క్లచ్ ప్లేటు మధ్యలోంచి దూరి ఫ్లైవీల్ బేరింగ్‌లో కూర్చోవాలి. రెండు వేళ్ల దూరం దాకా వచ్చి ఆగిపోయింది. తోశాం. ఊపాం. బావ భుజం పెట్టాడు, కాక సలహా పెట్టాడు. బోల్టులు వేసి బిగిస్తే అదే దగ్గరికొస్తుందని ఒకరన్నారు. ఆ పని చేస్తే పోత ఇనుము చెవి విరిగి ఇంకో ఇంజన్ వెతుక్కోవాల్సి వచ్చేది. అలా ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. మూడో రోజు ఎదురింటి తాత, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, నులకమంచం మీద నుంచి అడిగాడు: "క్లచ్ ప్లేటు నడిమిట్ల ఉన్నదా?"

లేదు. క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు బిగించేటప్పుడు దాన్ని సరిగ్గా మధ్యలో పట్టి ఉంచడానికి పాత గేర్ షాఫ్టు ముక్క ఒకటి దూర్చి పెట్టుకోవాలి. ఆ ముక్క తాత మంచం కిందే ఉంది. తెచ్చి పెట్టాం, ఇంజన్ పది నిమిషాల్లో కూర్చుంది. రెండున్నర రోజులుగా చూస్తూ ఎందుకు చెప్పలేదు తాతా అని అడిగితే, "మీరు అడిగిండ్రా బిడ్డా?" అన్నాడు.

ఇక స్టార్ట్ చేయడమే తరువాయి అనుకున్నాం. పైపులు విప్పిన డీజిల్ ఇంజన్‌లో గాలి చేరుతుంది. ఫిల్టర్ మీది స్క్రూ కాస్త వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు పోయి వట్టి డీజిల్ వచ్చేదాకా ఆగాలి. బావ ఆగలేదు. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీని పడుకోబెట్టాడు. బ్యాటరీని చార్జింగ్‌కు ఇచ్చి, తెచ్చి, గాలి తీసి, మళ్లీ కొడితే పందొమ్మిదో రోజు సాయంత్రం ఇంజన్ అందుకుంది. నల్లటి పొగ వాడంతా కమ్మింది. అక్క ఉతికి ఆరేసిన బట్టలన్నీ మళ్లీ నానబెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది ప్రభుత్వం. ఆర్సీలో ఇంజన్ నంబరు ఒకటుంటుంది, బ్లాకు మీద కొట్టి ఉన్నది ఇప్పుడు ఇంకొకటి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, అక్కడ నంబర్లు చూస్తారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నేను చదివి వినిపించాను. మార్చడానికి ముందే అనుమతి తీసుకోవాలి, మార్చాక 14 రోజుల్లో తెలియజేయాలి. అదే సెక్షన్‌లో ఒక దయ కూడా ఉంది. కనీసం 10 రవాణా వాహనాలున్న యజమాని అయితే, అదే కంపెనీ అదే రకం ఇంజన్‌ను ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునే వీలు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో కల్పించవచ్చు. ఒక్క బండి ఉన్నవాడికి ఇంజన్ పోతే అది అనుమానించదగ్గ విషయం. పది ఉన్నవాడికి పోతే అది వ్యాపారం. బావ శ్రద్ధగా విని, కాసేపు ఆలోచించి, "అయితె ఇంకో తొమ్మిది బండ్లు కొందాం బామ్మర్ది, గదే అగ్గువ" అన్నాడు.

ఇక లెక్క. బావ గోడ మీద బొగ్గుతో రాసుకున్నది ఒకటే పద్దు: మేస్త్రి కూలి మిగులు. అక్క క్యాలెండర్ వెనక రాసుకున్నవి వేరే. కప్పీ కిరాయి పందొమ్మిది రోజులు, మొదటి రోజు తర్వాత అది ఉత్తగా వేలాడిన రోజులతో సహా. కుర్చీల వాళ్లకు చాయ్, ఆదివారాలు మటన్, సాయంత్రాలు కల్లు. బ్యాటరీ చార్జింగ్. ఒప్పుకున్న మిర్చి లోడ్లు ఆపలేక వేరేవాళ్ల బండికి కట్టిన కిరాయి. ఈ రెండు లెక్కలూ ఎదురెదురు గోడల మీదున్నాయి, ఇంతవరకు ఎవరూ కలిపి కూడలేదు. బిగించగా మిగిలిన ఏడు బోల్టులు ఒక పాత డబ్బాలో ఉన్నాయి. అవి కంపెనీవాళ్లు జాగ్రత్త కోసం ఎక్కువ వేసినవని బావ అభిప్రాయం.

పాత ఇంజన్ వేపచెట్టు కిందే ఉంది. తుక్కువాడు తరాజు పట్టుకుని రెండుసార్లు వచ్చాడు. కిలోల లెక్కన ఇవ్వనన్నాడు బావ, సామాన్లకు పనికొస్తుందట. క్లచ్ ఉండే గూట్లో అక్క కోడి పొదుగుతోంది. పదకొండు గుడ్లు.