మోచేయి ఎత్తు మీద జాతీయ చర్చ జరగాలి

బ్రిటన్‌కి ఎన్ని సమస్యలైనా ఉండనీండి, నా దృష్టిలో అసలు సమస్య ఒక్కటే: అక్కడి కాలువల్లో తిరిగే నారోబోట్ల (సన్నటి పొడుగాటి పడవలు లెండి) టిల్లర్, అంటే చుక్కాని తిప్పే కడ్డీ, మనిషి మోచేతికి సరైన ఎత్తులో లేదు. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే కాలువల ఇంజనీరు మహానుభావుడు లాకుల వెడల్పు ఏడడుగుల దగ్గర తేల్చేశాడు. ఆ పుణ్యమా అని నారోబోటు ఇవాళ్టికీ 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటదు, పొడవు మాత్రం 70 అడుగుల దాకా పోతుంది. సరే, పడవ కొలత అంగుళంతో సహా తేల్చారు, దాన్ని నడిపేవాడి కొలత ఎవరైనా తీశారా? వెనక చివర చుక్కాని నుంచి స్వాన్ నెక్ అనే వంపు గొట్టం పైకొస్తుంది, దానికి తొడిగిన కడ్డీ టిల్లర్. ఎడమకి నెడితే పడవ కుడికి పోతుంది, ఆ తిరకాసు రెండు రోజుల్లో అలవాటవుతుంది. నడుంనొప్పి అలవాటవదు. పైగా గంటకి 4 మైళ్లే పరిమితి, గట్టు మీద కుక్కని తిప్పుకునేవాడు కూడా మనల్ని దాటేసి పోతుంటాడు, మనం మాత్రం పొద్దుగూకే దాకా ఆ కడ్డీ పట్టుకుని అలాగే నిలబడాలి.

ఆరడుగుల మొగుడికి వంగి వంగి నడుం పట్టేస్తుంది, ఐదడుగుల పెళ్లానికి భుజం ఎత్తి ఎత్తి మెడ పట్టేస్తుంది, రాత్రికి ఇద్దరూ ఒకే నొప్పి మాత్రల అట్ట పంచుకుంటారు. కాళ్ల కింద ఓ చెక్కపెట్టె వేస్తే ఆవిడ బాధ తీరుతుంది. ఆయన కోసం స్వాన్ నెక్ కోసి, కోణం మార్చి, మళ్లీ వెల్డింగ్ చేయించాలి. అంత డబ్బా అంటాడు ఆయన. అన్నవాడే టిల్లర్ నెత్తిన గుచ్చడానికి ఇత్తడి బాతుబొమ్మ కొని, రోజూ తళతళా తోముతాడు!

కొందరు మేధావులు కడ్డీ పొడవు పెంచుకుంటారు. పొడుగైతే చేతికి తేలిక, నిజమే, కానీ అది తిరిగే మేర కూడా పెరుగుతుంది. రివర్స్ వేసినప్పుడు నీళ్లు చుక్కాని రేకుని పట్టి ఒక్క ఈడ్పు ఈడిస్తే, ఆ మేరలో నిలబడ్డ బావగారు తిన్నగా కాలువలోకే. ఇంకొందరి బాధకి ఎత్తూ కారణం కాదు, పొడవూ కాదు: చుక్కాని ఇరుసు పై బేరింగ్‌కి గ్రీజు పెట్టి ఏళ్లయింది, లేదా చుక్కాని రేకులో ఇరుసుకి ముందుండాల్సిన భాగం చాలక నీళ్ల ఒత్తిడంతా చేతి మీదే పడుతోంది. అయినా ముందు తిట్లు తినేది కడ్డీయే.

కాబట్టి నా డిమాండు. 2012 నుంచి రెండు వేల మైళ్ల జలమార్గాలు చూసుకుంటున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వారు తక్షణం ఒక కమిటీ వేయాలి, ప్రతి లాకు దగ్గరా టేపుతో ఒక టైలర్‌ని కూర్చోబెట్టాలి. కమిటీలో ఒక పొడుగాయన, ఒక పొట్టావిడ తప్పనిసరి, ఇద్దరూ భార్యాభర్తలైతే మరీ మంచిది. నివేదికని బర్మింగ్‌హామ్ నుంచి లండన్‌కి గ్రాండ్ యూనియన్ కాలువ మీదే, వాళ్లే వంతులవారీగా పడవ నడుపుకుంటూ తేవాలి. దారిలో హాటన్ దగ్గర వరసగా 21 లాకులున్నాయి, అక్కడ పేజీలు పెరిగితే పెరగనివ్వండి.