అకౌంటింగ్ వాయిదా వేస్తే ఆఖరి ఏడాది ఏమవుతుంది?

బిజినెస్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేరినవాళ్లు ముందుగా చూసుకునేది క్రెడిట్ల లెక్క. అమెరికా పద్ధతిలో సాధారణంగా 120, యూరప్ పద్ధతిలో మూడేళ్లకు 180, బ్రిటన్‌లో 360. ఈ తేడా చూసి కంగారుపడనక్కర్లేదు, కొలమానాలు వేరు, అంతే. యూరప్ లెక్కలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల శ్రమ. క్లాసు, ఇంటిదగ్గర చదువు, అసైన్‌మెంటు, పరీక్ష అన్నీ అందులోకే వస్తాయి. అంటే 6 క్రెడిట్ల పేపరు కనీసం 150 గంటలు అడుగుతుంది.

క్రెడిట్లు ఎలాగోలా కూడుతాయి. తప్పేది వరుస. ఫైనాన్షియల్ అకౌంటింగ్ (సంస్థ జమాఖర్చులు రాయడం) వస్తేనే కాస్ట్ అకౌంటింగ్ (ఒక్కో వస్తువుకు అయ్యే ఖర్చు లెక్కగట్టడం) ఎక్కుతుంది. ఆ రెండూ వస్తేనే కార్పొరేట్ ఫైనాన్స్ (కంపెనీ పెట్టుబడుల నిర్వహణ), అదీ అయ్యాకే ఆఖరి ఏడాది స్ట్రాటజీ పేపరు. నాలుగు పేపర్లు, నాలుగు సెమిస్టర్లు. మొదటిది ఏడాదికి ఒక్కసారే చెప్పే కాలేజీలో దాన్ని తప్పితే గొలుసు మొత్తం ఏడాది వెనక్కి జరుగుతుంది. చాలామందికి ఇది మూడో ఏడాదిలోగానీ తెలిసిరాదు.

లెక్కలంటే జంకేవాళ్లు అకౌంటింగ్‌నీ స్టాటిస్టిక్స్‌నీ పక్కన పెట్టి, మార్కెటింగ్, హెచ్‌ఆర్ ఎలెక్టివ్‌లతో సెమిస్టర్ నింపుకుంటారు. మార్కులూ బాగానే వస్తాయి. నష్టం ఎక్కడ బయటపడుతుందో చూడండి. ఒక వస్తువు ధర 50, ఒక్కోదానికి అయ్యే ఖర్చు 30, అద్దె, జీతాల వంటి స్థిర వ్యయం 60,000 అనుకుందాం. ఒక్కో వస్తువు మీద మిగిలేది 20 కాబట్టి 3,000 అమ్మితే లాభం నష్టం లేకుండా బయటపడతాం. ఇప్పుడు మార్కెటింగ్ ప్రాజెక్టులో ఒక విద్యార్థి పది శాతం డిస్కౌంట్ ప్రతిపాదిస్తాడు. ధర 45కు దిగుతుంది, మిగులు 15కు పడిపోతుంది, అమ్మాల్సినవి 4,000 అవుతాయి. పదో వంతు తగ్గింపుకి అమ్మకం మూడో వంతు పెరగాలన్నమాట! కాస్ట్ అకౌంటింగ్ రానివాడికి ఈ సంగతి స్ఫురించదు, వాడి ప్రెజెంటేషన్‌లో స్లైడ్లు మాత్రం అందంగా ఉంటాయి.

స్టాటిస్టిక్స్‌దీ అదే కథ. రెండు ప్రకటనలు చెరో వందమందికి చూపిస్తే ఒకదానికి 12 మంది, రెండోదానికి 9 మంది కొన్నారు. మొదటిదే మేలని రిపోర్టు రాసేస్తారు. వందమందిలో ముగ్గురి తేడా కేవలం యాదృచ్ఛికంగానూ రావచ్చని పరీక్షించి చూడటం ఆ పేపరు నేర్పే పని. సూత్రాలు బట్టీపట్టి గట్టెక్కినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

అకౌంటింగ్‌లోనూ బట్టీకి ఒక హద్దుంది. ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ నిల్వలను రెండు వైపులా వేసి కూడే పట్టిక, సరిపోతే లెక్క ఒప్పేనని నమ్మేవాళ్లు తరగతికి సగం మంది. యంత్రం కొన్న సొమ్మును మరమ్మతు ఖర్చుగా రాసినా రెండు వైపులా మొత్తం సరిపోతుంది. కానీ ఆ ఏడాది లాభం తగ్గిపోతుంది, ఆస్తుల్లో యంత్రం కనబడదు. ఈ తప్పును పట్టుకోవాలంటే ఏ ఖర్చు ఎందుకు పెట్టారో అర్థం కావాలి.

బిజినెస్ లా, ఆర్గనైజేషనల్ బిహేవియర్ ముఖ్యమైనవే, కాకపోతే ఏ సెమిస్టర్‌లో చదివినా పెద్దగా ఇబ్బంది ఉండదు. గ్రూప్ ప్రాజెక్టుల్లో ఇద్దరు పనిచేసి అయిదుగురు మార్కులు పంచుకోవడం పాత జబ్బే. ఎవరి భాగం వాళ్లను విడిగా అడిగితే చాలావరకు నయమవుతుంది.

ఇందులో తప్పు విద్యార్థులదే అనడం అన్యాయం. ముందు పేపరు పాసవకపోయినా తర్వాతి పేపరుకు రిజిస్టర్ కానిచ్చి, బ్యాక్‌లాగ్‌ను ఆఖరి సెమిస్టర్ దాకా మోయించే విభాగాలు వాళ్లకు మేలు చేయడం లేదు. అడ్డుకుంటే ఏడాది పోతుందన్న జాలి నాకు అర్థమవుతుంది. దానికి మందు నిబంధన సడలించడం కాదు. అకౌంటింగ్, స్టాటిస్టిక్స్ పేపర్లను రెండు సెమిస్టర్లలోనూ చెప్పాలి, నాలుగో వారంలోనే ఒక చిన్న పరీక్ష పెట్టి వెనకబడ్డవాళ్లకు అదనపు క్లాసులు మొదలుపెట్టాలి. ఖాతాల్లో డెబిట్, క్రెడిట్ తారుమారు చేసేవాళ్లు ఆపాటికే తెలిసిపోతారు, దిద్దుకోవడానికి ఇంకా రెండు నెలలకు పైగా ఉంటుంది.