సవరణ: సాల్ట్ స్ప్రే గంటలు, పూత మన్నిక

తుప్పు నిరోధక పూతలపై పరిశోధనకు పూనుకునే విద్యార్థుల కోసం రాసిన గత వ్యాసంలో, సాల్ట్ స్ప్రే పరీక్షలో పూత నిలిచిన గంటలను బట్టి అది ఆరుబయట ఎన్నేళ్లు మన్నుతుందో లెక్కగట్టవచ్చన్న వాక్యం సరికాదు కాబట్టి దాన్ని తొలగిస్తున్నాను. ఈ పరీక్షకు వాడే ఏఎస్‌టీఎం బీ117 అనే ప్రామాణిక పద్ధతిలో, పూత వేసిన నమూనాలను మూసిన పెట్టెలో ఉంచి, 5 శాతం ఉప్పు ద్రావణాన్ని 35 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆగకుండా పిచికారీ చేస్తారు. ఆరుబయట మాత్రం లోహం తడుస్తూ ఆరుతూ ఉంటుంది, ఎండకూ గురవుతుంది. జింక్ పూతల విషయంలో ఈ తేడా మరీ కీలకం. తడి ఆరే వేళల్లో, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల జింక్ మీద నెమ్మదిగా ఏర్పడే కార్బొనేట్ పొరే దాన్ని కాపాడుతుంది. నిరంతరం తడిగా ఉండే పరీక్ష పెట్టెలో ఆ పొర సరిగా కట్టదు కాబట్టి, ఆరుబయట ఏళ్ల తరబడి నిలిచే పూత కూడా అక్కడ త్వరగా తెల్లతుప్పు (జింక్ తుప్పుపట్టినప్పుడు ఏర్పడే తెల్లని పదార్థం) పడుతుంది. ఒకే రకం పూతల తయారీలో నాణ్యత తప్పిందా అని చూడటానికి ఈ పరీక్ష ఎంతో పనికొస్తుంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో మాత్రం గంటల పట్టిక ఒక్కటే సరిపోదు, సరిపోకూడదు కూడా: ఎలక్ట్రోకెమికల్ ఇంపెడెన్స్ కొలతలు (ద్రావణంలో ఉంచిన పూత విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో చూపేవి), పూత మీద కావాలని గీత గీసిన చోట అది ఎంత మేర లేచిందన్న పరిశీలన, వీలైతే ఆరుబయట ఉంచిన నమూనాల ఫలితాలు తోడుండాలి. గత వ్యాసంలోని మిగతా భాగాల్లో మార్పు లేదు.