ఫ్యూజుల కన్నా ముందు కార్పెట్ ఎత్తి చూడండి

వానాకాలంలో కారు సెంట్రల్ లాకింగ్, పవర్ విండోలు మొరాయిస్తే ముందు ఫ్యూజులు, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) చూడమని ఒక వ్యాసంలో రాశారు. నన్నడిగితే ముందు వెతకాల్సింది తడి. కార్పెట్ ఎత్తి కింద ఫోమ్ నొక్కి చూడండి. పైన పొడిగా ఉన్నా అది నీళ్లు పట్టి ఉంచుతుంది, చాలా కార్లలో వైరింగ్ ఆ పక్కనుంచే పోతుంది.

వాన లేని రోజుల్లోనూ తడి ఉంటే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉండొచ్చు. వానకే తడిస్తే వైపర్ల కింది జాలీ, సన్‌రూఫ్ గొట్టాలు, డోర్ రబ్బర్లు చూడాలి. చెట్టు కింద పార్క్ చేసే కార్లలో ఆ జాలీ కింద ఆకులు నిండిపోవడం మామూలే. ఒకరు లోపల టార్చితో కూర్చుంటే, ఇంకొకరు కింది నుంచి మొదలుపెట్టి పైకి, కొంచెం కొంచెంగా నీళ్లు పోయాలి. ఒకేసారి కారంతా తడిపితే లీకు ఎక్కడో తెలియదు. నీళ్లు వైరు వెంట పాకి దూరంగా తేలతాయి కూడా.

లీకు ఆపకుండానే వేలకు వేలు పోసి కొత్త మాడ్యూల్ (లాకులు, విండోలను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) వేయించుకునే వాళ్లను చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు కనెక్టర్ (వైర్లను కలిపే ప్లగ్గు) పిన్నులకు పట్టిన పచ్చటి చిలుము శుభ్రం చేస్తే సరిపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీశాకే కనెక్టర్లు ఊడదీయండి. సీట్ల కింద పసుపు రంగువి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని మెకానిక్‌కే వదిలేయండి.