ట్యాగ్ చేస్తే రోడ్డు పడదు

హైదరాబాద్ కాలనీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఆఫీసుల చుట్టూ తిరిగే రోజులు పోయాయి, ఫొటో తీసి ఎమ్మెల్యేను, కార్పొరేటర్‌ను ట్యాగ్ చేస్తే 24 గంటల్లో పని అవుతుంది, కార్పొరేటర్ వాట్సాప్ గ్రూపులో ఉంటే చాలు, ఫాలోవర్లు ఎక్కువున్న నాయకుడే జనానికి దగ్గర. దీన్ని నమ్మితే ఎక్కువ నష్టపోయేది బస్తీలవాళ్లు. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

24 గంటల్లో పని అవుతుందా? కొన్ని అవుతాయి. వెలగని వీధిదీపం, ఎత్తని చెత్త, పగిలిన మ్యాన్‌హోల్ మూత లాంటివాటికి మనుషులు, సామాను ముందే ఉంటాయి. సీసీ రోడ్డు, కొత్త డ్రైనేజీ లైన్ సంగతి వేరు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వచ్చి కొలతలు తీయాలి, ఎస్టిమేట్ వేయాలి, మంజూరు రావాలి, టెండర్ పిలవాలి, అగ్రిమెంట్ కుదరాలి. వీటిలో ఒక్క మెట్టునూ ట్యాగ్ దాటించలేదు. కేటీఆర్ పురపాలక మంత్రిగా ఉన్న ఏళ్లలో ట్విట్టర్‌లో ఫిర్యాదులకు స్పందించడంతో ఈ నమ్మకం బలపడింది. కానీ మంత్రి చేతిలో శాఖ ఉంటుంది. కార్పొరేటర్‌కు ఏఈని ఆదేశించే అధికారం లేదు, అది కమిషనర్‌ది. కార్పొరేటర్ అడగగలడు, వెంటపడగలడు, కౌన్సిల్‌లో ప్రశ్నించగలడు. "సంబంధిత అధికారులకు పంపాం" అన్న రిప్లై చూసి పని మొదలైందనుకుంటే, నెలల తర్వాత జనం కోపమంతా కార్పొరేటర్ మీదే పడుతుంది.

పోస్టు తప్పు గడపకు చేరడం ఇంకో చిక్కు. మురుగు పొంగితే జలమండలి (155313), వాననీటి నాలా పొంగితే నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ (040-21111111), కరెంటు వైరు తెగితే విద్యుత్ సంస్థ (1912). వాన పడేటప్పుడు మురుగు, వాననీరు కలిసి ఒకేలా కనిపిస్తాయి. వాన వెలిసిన మర్నాడు కూడా మ్యాన్‌హోల్ పొంగుతోందంటే చాలాసార్లు మురుగు లైన్ పూడుకుపోయినట్టే. ఆ సంగతి రాయని పోస్టు రెండు శాఖల మధ్యే నలుగుతుంది, ఎమ్మెల్యే ఆఫీసు ఎంత శ్రద్ధగా పంపినా సరే.

ఇక గ్రూపు. వాట్సాప్ గ్రూపులో పట్టేది 1,024 మంది. 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లకు ఓటర్లు 74 లక్షల పైచిలుకు, అంటే డివిజన్‌కు సగటున దాదాపు 50 వేలు. గ్రూపు నిండినా నూటికి ఇద్దరే. పొద్దున్నే నీళ్లు పట్టుకొని పనికి పోయే మనిషి, అద్దెకుండే కూలీ అందులో ఉండటం అరుదు. ఉన్నవాళ్ల ఫిర్యాదు కూడా పుట్టినరోజు శుభాకాంక్షల కింద, ప్రారంభోత్సవ ఫొటోల కింద మునిగిపోతుంది. దానికి నంబరుండదు, ఎవరికి అప్పగించారో తెలియదు. 2014 చివర పాలకమండలి గడువు ముగిశాక 2016 ఫిబ్రవరి ఎన్నికల దాకా నగరంలో కార్పొరేటర్లే లేరు. అలాంటప్పుడు ఆఫీసులో నమోదైన ఫిర్యాదు నిలుస్తుంది, గ్రూపులో పెట్టింది నిలవదు.

ఫాలోవర్ల మాటకు ఆధారమే లేదు. ఫాలోవర్ దుబాయ్‌లో ఉండొచ్చు, పక్క నియోజకవర్గంలో ఉండొచ్చు. ఓటు మాత్రం డివిజన్‌లోనే ఉంటుంది.

మెసేజ్‌లో నిజం ఒకటుంది. అందరూ చూసే పోస్టు పెట్టాక "మా దృష్టికి రాలేదు" అని ఎవరూ అనలేరు. ఆ బలం పనికి రావాలంటే వరుస మార్చాలి. ముందు హెల్ప్‌లైన్‌లోనో యాప్‌లోనో ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. ఫొటోలో కరెంటు స్తంభం నంబరో ఇంటి నంబరో కనిపించాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అందులోని లొకేషన్ వివరాలు పోతాయి, అందుకే డాక్యుమెంట్‌గా పంపండి. తర్వాత వినతిపత్రం రెండు ప్రతులు రాసి అధికారులు ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణిలో ఇచ్చి, మీ ప్రతి మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. వారంలో కదలిక లేకపోతే అప్పుడు ఫిర్యాదు నంబరుతో, స్టాంపు ప్రతి ఫొటోతో పోస్టు పెట్టి ట్యాగ్ చేయండి. మీ ఫోన్ నంబరు, చిరునామా కనిపించకుండా కప్పేయండి. అప్పటికీ జవాబు రాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేసి రెండే అడగండి: ఎస్టిమేట్ ఏ తేదీన వేశారు, ఫైలు ఇప్పుడు ఏ అధికారి దగ్గరుంది. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే గడువు ముగిసిన నాటి నుంచి మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.